మూడో రోజు లెక్క

విశాఖ గాజువాక ఆటోనగర్‌లోని ఒక లేత్ షెడ్డులో మరుగుదొడ్డి లేదు. నాలుగు షెడ్ల అవతల, లారీ బాడీలు కట్టే వర్క్‌షాపు వెనక ఒకటుంది. దాని తలుపుకి గడియ పడదు. లోపలికి వెళ్ళినవాడు తలుపుకి ఒక కాలు ఆనించి కూర్చోవాలి. మిషను ఆపి, చేతులకంటిన నూనె తుడుచుకుని, ఇనప తుక్కు తొక్కకుండా అక్కడిదాకా నడవాలంటే రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇరవై తొమ్మిదేళ్ళ ఆ టర్నరుకి అంత వ్యవధి ఉండటం లేదు.

"ఏటిరా, పొద్దుట్నుంచి ఇది ఐదోసారి. ఒంట్లో బాగోలేదేటి?" అన్నాడు మేస్త్రి.

"కడుపు పాడయిందండి. రాత్రి పునుగులు తిన్నాను."

పునుగుల మీదకి తోసేశాడు గానీ, అప్పటికి మూడు వారాలుగా విరేచనంలో నెత్తురు పడుతోంది. ఆ సంగతి మేస్త్రికి చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. జ్వరమొస్తే చెప్పుకుంటాం, చెయ్యి తెగితే చూపించుకుంటాం. ఇది చెప్పుకునే జబ్బు కాదని మనవాళ్ళు చిన్నప్పుడే నేర్చుకుంటారు.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ టర్నరు ఒక్క మనిషి కాడు. ఈ జబ్బు మన దగ్గర ఎలా మొదలవుతుందో, ఎక్కడ దారి తప్పుతుందో, వార్డులో ఏ రోజు ఏం జరగాలో వైద్యులకి తెలిసిన క్రమం ఒకటుంది. దాన్ని ఒక మనిషిలో కూర్చి, గాజువాక మనుషుల మధ్య నిలబెట్టి రాస్తున్నాను. అందుకే అతనికి పేరు లేదు, అతను చేరిన ఆసుపత్రులకీ పేర్లు లేవు. పరిశోధనలు, వాటి సంవత్సరాలు, వైద్యం కొలతలు మాత్రం కల్పితం కావు.

మొదటి నాలుగు నెలలూ ఈ జబ్బున్న చాలామందికి గడిచినట్టే గడిచాయి. మెడికల్ షాపులో విరేచనాలు కట్టే మాత్రలు కొన్నాడు. వేడి చేసిందన్నారని మజ్జిగ తాగాడు, సబ్జా గింజలు నానబెట్టుకున్నాడు. తెలిసినవాళ్ళు మొలలన్నారని మొలల మందు వాడాడు. రోజంతా నిలబడి చేసే పని కాబట్టి నడుం నొప్పికి పెయిన్ కిల్లర్లు మింగుతూనే ఉన్నాడు. విరేచనం కట్టే మాత్ర, పెయిన్ కిల్లరు, ఈ రెండూ ఆ పేగుకి చెరుపు చేసేవే. చెప్పేవాళ్ళెవరూ ఎదురుపడలేదు. మధ్యాహ్నం కేరియర్ తెరవడం మానేశాడు. తినకపోతే వెళ్ళాల్సిన పని ఉండదని అతని లెక్క. గాజువాక నుంచి ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాకా ఏ పెట్రోలు బంకులో మరుగుదొడ్డి తెరిచి ఉంటుందో, ఏ బంకులో తాళం అడగాలో అతనికి తెలుసు. సిటీ బస్సు ఎక్కడం మానేశాడు. బస్సుని మధ్యలో ఆపమనలేడు, బండిని ఆపుకోగలడు.

బయటపెట్టింది భార్య. తెల్లవారుజామున బాత్‌రూమ్ గోడ పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసింది, నేల మీద నీళ్ళని చూసింది.

"మావా, ఇదేటి ఇంత రత్తం?"

"మొలలే. అరవకు, అమ్మ లేస్తాది."

"మొలలకి మనిషి ఇలాగైపోతాడేటి? పేంటు జారిపోతన్నాది నీకు. పద, ఆసుపత్రికి ఎల్దాం."

జబ్బు పేరు అల్సరేటివ్ కొలైటిస్. మనల్ని కాచే రోగనిరోధక శక్తే దారి తప్పి పెద్దపేగు లోపలి పొర మీద పడుతుంది. పొర ఒరిసిపోయి పుండ్లు పడతాయి, అక్కడినుంచే నెత్తురూ జిగురూ. లండన్ వైద్యుడు శామ్యూల్ విల్క్స్ 1859లో దీన్ని వేరే జబ్బుగా గుర్తించి రాశాడు. దీని తోబుట్టువు క్రోన్స్ వ్యాధి. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, మరో ఇద్దరు వైద్యులు కలిసి దాన్ని ప్రకటించారు. రెండూ కలిపి ఐబీడీ అంటారు. చాలాకాలం ఇవి తెల్లవాళ్ళ జబ్బులని, డబ్బున్నవాళ్ళ జబ్బులని మన వైద్య విద్యార్థులకి చెప్పేవారు. లూధియానాకి చెందిన అజిత్ సూద్ బృందం పంజాబ్‌లో ఇంటింటికీ తిరిగి 2003లో ప్రచురించిన సర్వేలో లక్షకి 44 మందికి అల్సరేటివ్ కొలైటిస్ ఉందని తేలింది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు మరో అడుగు వేసి, కడుపు బాధలున్న 30,000 మందికి పైగా పల్లె, పట్నం జనాన్ని పరీక్షించి చూశారు. 2023లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం పల్లెకీ పట్నానికీ పెద్ద తేడా లేదు. లేత్ మిషను ముందు నిలబడ్డవాడికి ఈ జబ్బు రాదనుకునే రోజులు పోయాయి.

షెడ్డులో ఆరుగురే పనివాళ్ళు. ఈఎస్ఐ మామూలుగా తప్పనిసరి అయ్యేది పదిమంది, ఆపైన పనిచేసే చోటికే. ఆరుగురిలో ఒకడికి వచ్చిన జబ్బుకి కార్డు లేదు, జీతంతో సెలవూ లేదు. ఆటోనగర్ లాంటి చోట ఎంతమంది ఈ గీతకి ఇవతల ఉండిపోతున్నారో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది. విశాఖ పరిశ్రమలకి చిన్న భాగాలు తిప్పి ఇచ్చే చేతులివి.

ఓనరు ఇచ్చిన అడ్వాన్సుతో దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో చేరాడు. సెలైన్ పెట్టారు, యాంటీబయాటిక్స్ ఇచ్చారు, అమీబాకి మందు ఇచ్చారు. ఇందులో తప్పు పట్టలేం. మన దేశంలో నెత్తురు విరేచనాలంటే ముందు అనుమానించాల్సింది అమీబానీ బాక్టీరియానీ. పైగా అమీబా ఉన్న పేగుకి స్టెరాయిడ్ ఇస్తే చిల్లు పడే ప్రమాదం ఉంది. మొదటి రోజు ఆ జాగ్రత్త అవసరం.

నాకు తప్పుగా తోచేది ఐదో రోజు కూడా మొదటి రోజులాగే గడవడం. విరేచనం పరీక్షకి పంపారు, రిపోర్టు ఫైల్లో చేరింది, దాన్ని చూసి నిర్ణయం మార్చినవాళ్ళు లేరు. రౌండ్సుకి వచ్చిన డాక్టరు "ఎలా ఉంది?" అని అడిగేవాడు. అతను "పర్లేదండి" అనేవాడు. పెద్ద డాక్టరు ఎదురుగా నిలబడి అడిగితే ఆటోనగర్ మనిషి ఇంకేమంటాడు? రాత్రి ఎన్నిసార్లు లేచావు, ప్రతిసారీ నెత్తురుందా, లేచేలోపే అయిపోతోందా అని విడమరిచి అడిగినవాళ్ళు లేరు.

మరుగుదొడ్డి వార్డుకి ఆ చివర. ఒక చేత్తో సెలైన్ స్టాండు తోసుకుంటూ, ఇంకో చేత్తో లుంగీ పట్టుకుని, పన్నెండు మంచాలు దాటి వెళ్ళాలి. రెండో రాత్రి సగం దారిలోనే అయిపోయింది. పక్క మంచాల వాళ్ళు అటు తిరిగి పడుకున్నారు. ఆ మర్యాద కూడా అతన్ని కోసింది. మర్నాటి నుంచి నీళ్ళు తాగడం తగ్గించాడు.

బ్రిటన్‌లో ఆసుపత్రులు ఐబీడీ రోగుల్ని ఎలా చూస్తున్నాయో తెలుసుకోవడానికి 2006లో దేశమంతా ఒక ఆడిట్ జరిపారు. ఏ ఆసుపత్రి ఏం చేస్తోందో ఒకే ప్రశ్నల పట్టీతో అడిగారు. విరేచనం పరీక్ష చేశారా, కాళ్ళలో గడ్డ కట్టకుండా ఇంజెక్షన్ ఇచ్చారా, ఈ జబ్బు తెలిసిన నర్సు ఉందా, మరుగుదొడ్లు ఎన్ని ఉన్నాయి? ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య తేడాలు చూసి వాళ్ళే కలవరపడ్డారు. 2009లో రాసుకున్న ప్రమాణాల్లో పెద్ద పెద్ద మందుల పక్కనే ఒక చిన్న వాక్యం చేర్చారు. ఈ రోగులున్న వార్డులో మూడు మంచాలకి కనీసం ఒక మరుగుదొడ్డి ఉండాలి. నాకు ఆ ప్రమాణాలన్నిట్లోనూ మనసుకి పట్టింది ఈ వాక్యమే. రోగి మంచం మీదినుంచి ప్రపంచాన్ని చూసినవాళ్ళు రాసిన వాక్యం అది.

ఆ మొదటి ఆసుపత్రిలో ఆరో రోజు సాయంత్రం అతని నాడి నూట పన్నెండు. హిమోగ్లోబిన్ ఏడున్నర. భార్య, బావమరిది కలిసి అతన్ని ఆటోలో వెనకసీటు మీద పడుకోబెట్టి నగరంలోని మరో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. షీలానగర్ దాటాక ట్రైలర్ల వెనక బండి ఆగిపోయింది. "ఇంకెంతదూరం బావా?" అని అతను అడిగిన తీరుకి ఆటో డ్రైవరు రాంగ్ రూటులో దూరాడు.

ఇక్కడ పేగుల డాక్టరు ఉంది. ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి, కంటిరెప్ప లాగి చూసి, అడిగింది.

"నిన్న పొద్దున్నుంచి ఇవాళ పొద్దున్న దాకా ఎన్నిసార్లు బాబూ?"

"లెక్కపెట్టలేదండి. పది, పన్నెండు..."

"అన్నిసార్లూ రక్తమేనా?"

"అన్నిసార్లూనండి."

ఆవిడ అడుగుతున్నవి 1955 నాటి ప్రశ్నలు. ఆక్స్‌ఫర్డ్‌లో సిడ్నీ ట్రూలవ్, లెస్లీ విట్స్ అనే వైద్యులు ఈ జబ్బుకి కార్టిజోన్ పనిచేస్తుందా అని పరీక్షించి, తీవ్రత కొలవడానికి ఒక పట్టీ కట్టారు. రోజుకి ఆరు, ఆపైన నెత్తురు విరేచనాలు. దానికి తోడు నాడి తొంభై దాటడమో, జ్వరం వంద డిగ్రీలు మించడమో, హిమోగ్లోబిన్ పదిన్నర కిందకి దిగడమో, ఈఎస్ఆర్ ముప్పై దాటడమో, ఏదో ఒకటి ఉంటే చాలు, అది తీవ్రమైన దాడి. ఆ మనిషి ఆసుపత్రిలోనే ఉండాలి. ఈ పట్టీకి స్కానింగ్ అక్కర్లేదు. వాచీ, థర్మామీటరు, చిన్న రక్తపరీక్ష, ఒక ప్రశ్న చాలు. స్టెరాయిడ్ రాకముందు ఇలాంటి దాడిలో నలుగురిలో దాదాపు ఒకరు చనిపోయేవారు. ఇవాళ మంచి చేతుల్లో పడితే ఆ సంఖ్య నూటికి ఒకటి కూడా లేదు. మధ్యలో వచ్చిన మందులు ఎంత కారణమో, సమయానికి లెక్క చూసి నిర్ణయం తీసుకోవడమూ అంతే కారణం.

ఆ రాత్రే పొట్ట ఎక్స్‌రే తీశారు, పేగు ఉబ్బిపోయిందేమోనని. ఉబ్బలేదు. విరేచనం మళ్ళీ పరీక్షకి వెళ్ళింది. పొద్దున్న పేగు కడగకుండానే చిన్న గొట్టంతో కిందిభాగం వరకే చూసి ముక్క తీశారు. పొర పచ్చి మాంసంలా ఉంది, తాకితే నెత్తురు. అమీబా లేదని తేలగానే హైడ్రోకార్టిజోన్ ఆరు గంటలకి ఒకసారి నరంలోకి మొదలైంది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. పెయిన్ కిల్లర్లు, విరేచనం కట్టే మాత్రలు బందు.

సాయంత్రం సిస్టరు పొట్ట మీద చిన్న సూదితో ఇంజెక్షన్ చెయ్యబోతే భార్య అడ్డుపడింది.

"ఇదేటమ్మా?"

"రక్తం గడ్డకట్టకుండా."

"సిస్టరమ్మా, ఒకపక్కన రత్తం పోతా ఉంటే, పలచన చేసే ఇంజెక్షనేటమ్మా? సంపేత్తారా?"

ఆ భయం ఆవిడ ఒక్కదానిదే కాదు. చాలాచోట్ల కుర్ర డాక్టర్లే ఇదే భయంతో ఈ ఇంజెక్షన్ రాయడం మానేస్తారు. కానీ పేగు ఇలా మండుతున్నప్పుడు ఒళ్ళంతా రక్తానికి గడ్డకట్టే గుణం పెరుగుతుంది. మంచం పట్టిన మనిషి కాలి నరంలో గడ్డ కట్టి, అది ఊపిరితిత్తుల్లోకి వెళితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఆ ఇంజెక్షన్‌లో ఉండే తక్కువ మోతాదు హెపారిన్ పేగు నెత్తుర్ని పెంచదు. సిస్టరు ఇదంతా మంచం అంచున కూర్చుని, విసుక్కోకుండా చెప్పింది. చెప్పి, ఒక తెల్ల కాగితం తీసి గళ్ళు గీసింది. టైము, నెత్తురు ఉందా లేదా, పల్చనా గట్టిదా, రాత్రా పగలా.

"నువ్వు రాయగలవా అమ్మా?"

"పది సదువుకున్నాను."

"అయితే నువ్వే రాయి. రాత్రి నాకు ముప్పైమంది. ఒక్కటి కూడా వదలకు. ఈ కాగితం చూసే డాక్టరమ్మ నిర్ణయం తీసుకుంటారు."

మంచం మరుగుదొడ్డి పక్కకి మార్చారు. వాసన వస్తుందని ఎవరూ కోరుకోని మంచం అది. అతను చేరినప్పటినుంచీ మొదటిసారి ఆ రాత్రి గ్లాసెడు నీళ్ళు నిండుగా తాగాడు. ఉపవాసం అక్కర్లేదని డాక్టరు చెప్పడంతో ఇడ్లీ, పెరుగన్నం పెట్టారు.

కాగితం మీద మొదటి రోజు పదకొండు గీతలు. రెండో రోజు తొమ్మిది. "తగ్గుతోంది గదా" అని బావమరిది ధైర్యం చెప్పాడు. మంచం మీదినుంచి అతను ఆ కాగితాన్ని అడిగి తీసుకుని చూశాడు. షెడ్డులో తిప్పాల్సిన ఇనప ముక్క చేతికొచ్చాక మైక్రోమీటరు పెట్టి కొలవకుండా ఇంకో కోత వెయ్యడు. కొలిచిందే నమ్ముతాడు. ఐదు రోజులు పడుకున్న ఆసుపత్రిలో తనను ఎవరూ కొలవలేదని అప్పుడే తట్టింది అతనికి.

మూడో రోజు పొద్దున్న ఏడు గీతలు. రక్తంలో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ అరవై రెండు.

పైకి చూస్తే మనిషి తేరుకున్నాడు. జ్వరం లేదు, రెండు మాటలు నవ్వుతూ మాట్లాడాడు. ఇంకో మూడు రోజులు ఇదే మందు చూద్దామనిపించే పొద్దు అది. ఎంతోమంది ప్రాణాలు పోయింది అలాంటి పొద్దుల్లోనే. 1996లో ఆక్స్‌ఫర్డ్‌లోనే సైమన్ ట్రావిస్ బృందం ఒక లెక్క తేల్చింది. స్టెరాయిడ్ మొదలెట్టిన మూడో రోజుకి విరేచనాలు ఎనిమిది దాటినా, లేక మూడు నుంచి ఎనిమిది మధ్య ఉండి సీఆర్‌పీ 45 దాటినా, నూటికి 85 మందికి ఆ అడ్మిషన్‌లోనే పెద్దపేగు తీసెయ్యాల్సి వస్తోంది. అంటే మూడో రోజు దాటాక ఎదురుచూడటం వైద్యం కాదు. ఆ ఎదురుచూపులో పేగు చిల్లు పడితే, నీరసించిన మనిషికి అర్ధరాత్రి ఆపరేషన్ చెయ్యాలి.

డాక్టరు ఆ కాగితం చేత్తో పట్టుకుని సర్జన్‌ని పిలిచింది. ఇద్దరూ కలిసి మంచం దగ్గరికి వచ్చారు. సర్జన్ని చూడగానే భార్య ఏడుపు మొదలెట్టింది.

"కోసేత్తారా సార్?"

"ఇప్పుడు కాదమ్మా. అవసరమైతే ఆలస్యం కాకూడదని ముందే చూడ్డానికి వచ్చాను. పెద్దపేగు తీసేసినా మనిషి బతుకుతాడు, పనిచేసుకుంటాడు, పిల్లల్ని కంటాడు. భయంతో చివరిదాకా ఆగితేనే ప్రమాదం."

ఈ మాట మూడో రోజే చెప్పాలి. ఏడో రోజు చెబితే అది బెదిరింపులా వినిపిస్తుంది.

ఆపరేషన్ ముందు ప్రయత్నించే రెండో మెట్టు మందులున్నాయి. సైక్లోస్పోరిన్ ఈ దాడికి పనిచేస్తుందని 1994లోనే తేలింది. ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇంజెక్షన్ ఉంది, మన దేశంలో దాన్ని పోలి తయారుచేసిన బయోసిమిలర్లు దొరుకుతున్నా ఆ ఖరీదు అతని నెలల జీతం. ఇంకొకటి, టోఫాసిటినిబ్ మాత్ర. లూధియానా వైద్యులే దీన్ని 104 మంది తీవ్ర రోగుల మీద, స్టెరాయిడ్‌కి తోడుగా మొదటినుంచీ ఇచ్చి పరీక్షించి 2024లో ప్రచురించారు. ఏడో రోజుకి మాత్ర తీసుకున్నవాళ్ళలో నూటికి 83 మందికి గుణం కనిపించింది, ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో 59 మందికి. మన దేశంలో జెనరిక్‌గా దొరికే మాత్ర అది. పేదవాడి పేగుని కాపాడగల ఒక సమాధానం పంజాబ్‌లోని వార్డులోంచి రావడం నాకు గర్వంగా ఉంది.

డాక్టరు దాచకుండా చెప్పింది. ఈ మాత్రతో క్షయ తిరగబెట్టొచ్చు, అందుకే ఛాతీ ఎక్స్‌రే, క్షయ పరీక్ష చేరిన రోజే చేయించాను. గడ్డకట్టే ప్రమాదం ఉంది, అందుకే పొట్ట మీది ఇంజెక్షన్ ఆపను. స్టెరాయిడ్‌కి లొంగనివాళ్ళలో ఇది ఇంకా కొత్త దారి. మూడు నాలుగు రోజులు చూస్తాం. లొంగకపోతే ఆపరేషన్, ఇంకో ఆలోచన లేదు.

"లెక్క మీదే నడవండమ్మా" అన్నాడు అతను. "ఏది తేలితే అదే."

నాలుగో రోజు ఏడు. ఐదో రోజు ఐదు, అందులో రెండిట్లో నెత్తురు లేదు. ఆరో రోజు రాత్రి ఒక్క గీత కూడా పడలేదు. ఏడో రోజు మూడు, సీఆర్‌పీ పద్నాలుగు. సర్జన్ రోజూ వచ్చి పొట్ట చూసి వెళ్తూనే ఉన్నాడు. తొమ్మిదో రోజు ఇంటికి పంపారు.

ఇంటికి పంపిన తీరు గురించి కూడా రాయాలి, ఎందుకంటే మన ఆసుపత్రుల్లో మంచి వైద్యం ఎక్కువగా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. డిశ్చార్జి కాగితం వెనక సిస్టరు తెలుగులో రాసింది. స్టెరాయిడ్ మాత్రలు వారం వారం తగ్గించుకుంటూ రెండు నెలల్లో మానాలి, ఒక్కసారిగా మానకూడదు. జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే మెసలమిన్‌ని ఒంట్లో బాగున్నా మానకూడదు. నడుం నొప్పికి షాపులో పెయిన్ కిల్లరు కొనకూడదు. రోజుకి నాలుగుసార్లు దాటి నెత్తురు పడితే రెండో రోజే ఫోన్ చెయ్యాలి. కింద వార్డు ఫోన్ నంబరు. బ్రిటన్ ప్రమాణాల్లో ఈ పనికి ఐబీడీ నర్సు అని ఒక ఉద్యోగమే ఉంది. మన దగ్గర చాలాచోట్ల అలాంటి పోస్టు లేదు, ఎవరో ఒక సిస్టరు తన డ్యూటీ మీద అదనంగా మోస్తుంది. ఆవిడ బదిలీ అయిపోతే ఆ నంబరుకి అవతల ఎవరుంటారు? విశాఖలో 1923 నుంచీ కేజీహెచ్ ఉంది, ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది. శ్రీకాకుళం నుంచి, ఒడిశా సరిహద్దుల నుంచి కూడా ఇక్కడికే వస్తారు. ఇలాంటి నగరంలో, ప్రభుత్వంలో గానీ ప్రైవేటులో గానీ, ఈ రోగుల్ని చేర్చుకునే ప్రతి ఆసుపత్రికీ ఈ జబ్బుకంటూ ఒక నర్సుని ఇవ్వడం, పడకల పక్కన ఇంకో రెండు మరుగుదొడ్లు కట్టడం కోట్ల రూపాయల యంత్రం కొనడం కన్నా ముందు జరగాలని నేను కోరుతున్నాను.

మరుసటి ఏడు వానాకాలంలో మళ్ళీ నెత్తురు కనిపించింది. ఈసారి పునుగుల మీదకి నెట్టలేదు. రెండు రోజుల లెక్క రాసి, భార్య ఫోనులోంచి ఫోటో పంపాడు. ఐదు, ఐదు. నాడి ఎంతో చూసి చెప్పమన్నారు, ఎనభై. రక్తపరీక్ష, విరేచనం పరీక్ష గాజువాకలోనే చేయించుకున్నాడు. డాక్టరు మెసలమిన్ మోతాదు పెంచి, రాత్రిపూట కిందినుంచి పెట్టుకునే ఎనీమా రాసింది. ఆ సంగతి ఈసారి మేస్త్రికి కూడా చెప్పాడు.

"రత్తం పడతాందా? అప్పుడే సెప్పొచ్చు గదరా" అన్నాడు మేస్త్రి. "రోడ్డు వైపు మిషను తీసుకో. అక్కణ్ణుంచి దగ్గిర."

పన్నెండు రోజుల్లో నెత్తురు ఆగింది. ఆసుపత్రిలో చేరాల్సిన పని పడలేదు. షెడ్డులో ఒక్క పూట కూడా నాగా పెట్టలేదు.